చెంచా పట్టిన చెయ్యి

డ్రైవర్ సీటు స్టీరింగుకు జానెడు దూరంలోకి జరిపి ఉంది. ఆ సందులో తన భర్త మోకాళ్లు పట్టడం అయ్యే పని కాదని సోనికి చూడగానే తెలిసిపోయింది.

భర్త సామాన్లేమైనా మిగిలాయేమో చూసుకోవడానికి వచ్చి ఆమె లారీ మెట్టు మీద నిలబడి ఉంది. పోలీస్ స్టేషన్ వెనక ఖాళీ జాగాలో, పట్టుబడిన ఇసుక ట్రాక్టర్ల మధ్య ఆ లారీని తెచ్చి వదిలేశారు. జామాయిల్ దుంగల లోడుతో పినపాక అడవి దారిలో మలుపు దగ్గర ఎడమ పక్కకు పడిపోయిన లారీ అది. రవికుమార్ అందులోనే పోయాడు. దుంగల మీద కూర్చుని వచ్చిన కోయ కూలీ భీమయ్య కూడా పోయాడు. డ్రైవర్ తాగి నడిపాడని ఊరూరా చెప్పుకున్నారు. లారీ యజమాని కర్ర కంపెనీ కూడా అదే అంది. ముందుగా అక్కడికి చేరినవాళ్లు రవికుమార్ అంగీ నుంచి మందు వాసన గుప్పుమందని చెప్పారు. ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ అడగలేదు.

రవికుమార్ ఆరడుగులు దాటిన మనిషి. బస్సెక్కితే కాళ్లు నడవలో పెట్టుకుని కూర్చునేవాడు. సీటు చివరిదాకా వెనక్కి నెడితే తప్ప అతను లారీ తోలలేడు. అక్కడే తుప్పు పట్టిపోయిందనీ, వేరేవాళ్లు ఎక్కితే దాన్ని ముందుకు లాగడానికి ఇద్దరు మనుషులు కావాలనీ నవ్వేవాడు.

సోని లోపలికి ఎక్కి ఆ సీట్లో కూర్చుంది. ఆమె రవికుమార్ ఛాతీ దాకా వస్తుంది. పాదాలు క్లచ్చుకూ బ్రేకుకూ సరిగ్గా అందాయి.

పక్కకు చూసింది. ఎడమ తలుపు, ఎడమ సీటు నలిగి ముద్దయ్యాయి. కుడి వైపు, అంటే తను కూర్చున్న వైపు, అద్దం కూడా పగల్లేదు. ఈ సీట్లో ఉన్నవాడు బతకాలి. పక్క సీట్లో ఉన్నవాడు పోవాలి.

నలిగిన సీటు కింద టిఫిన్ డబ్బా ఇరుక్కుని ఉంది. గుంజితే వచ్చింది. మూత లేదు. అడుగున ఒక జొన్న రొట్టె బూజు పట్టి, ఎండి అట్టలా ఉంది. దానికి ఒక పక్క తుంచిన గుర్తు. ఆ రోజు పొద్దున రొట్టెలు కాల్చి, చింతచిగురు కూర పెట్టి, మూత బిగించి ఇచ్చింది తనే. లారీ తోలుతూ రవికుమార్ ఏనాడూ తినలేదు. ఎంత ఆకలైనా సరే, ఆపి, దిగి, చేతులు కడుక్కుని, నీడ చూసుకుని కూర్చునేవాడు.

ఇప్పుడు ఏడుపు రావాలి. లేదా కోపం రావాలి. సోని కాసేపు వాటికోసం ఆగింది. ఏదీ రాలేదు. భర్త పోయిన నాటి నుంచి ఆమెకూ లోకానికీ మధ్య ఎవరో దూది కూరినట్టుంది. మాటలు వినబడతాయి, అర్థమవుతాయి, లోపలికి మాత్రం దిగవు. అన్నం తింటే ఉప్పు ఉందో లేదో తెలియదు.

"దొరికినయా అమ్మా ఏమన్నా?" కింద నుంచి కానిస్టేబుల్ అడిగాడు.

"అవ్. డబ్బా దొరికింది," అంది సోని.

సీటు సంగతి చెప్పలేదు. చెబితే క్రేన్ గుంజినప్పుడు జరిగిందేమో అంటాడు. తుప్పు పట్టిన సీటు దానంతటది జరగదని తను అనాలి. అన్ని మాటలు ఆమె దగ్గర లేవు. డబ్బాను చేతిసంచిలో వేసుకుని గేటు వైపు నడిచింది.

*

గేటు బయట కంపెనీ జీపు ఆగి ఉంది. స్టీరింగు ముందు జైరాం కూర్చున్నాడు. రవికుమార్ సొంత తమ్ముడు. కంపెనీ కర్ర డిపోలో సూపర్‌వైజర్. అన్న ఎంత పొడుగో తమ్ముడు అంత పొట్టి. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే తండాలో ఆడవాళ్లు నిచ్చెన, పీట అని పిలిచేవాళ్లు. డిపోకు సూపర్‌వైజర్ కాగానే కంపెనీ అతన్ని హైదరాబాద్ పంపి ట్రైనింగ్ ఇప్పించింది. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి, కొనుగోలుదారులు వస్తే ఎలా కూర్చోవాలి, ఏ చేత్తో ఏది పట్టుకోవాలి, అన్నీ నేర్చుకుని వచ్చాడు.

ముందు సీట్లో అతని పక్కన తండా నాయక్ మోతీలాల్ కూర్చున్నాడు. పెద్ద మనిషి. తెల్ల తలపాగా చుట్టి, ఒళ్లో గుడ్డతో కప్పిన పెద్ద ఇత్తడి పళ్లెం పెట్టుకున్నాడు.

సోని వెనక సీట్లోకి ఎక్కింది. జైరాం సీటు వెనక ఆమెకు కాళ్లు చాపుకునేంత జాగా ఉంది. చూసింది. చూసినట్టు ఆమెకు తెలియలేదు.

"ఏం దొరికింది వదినె?" అద్దంలో చూస్తూ అడిగాడు జైరాం.

"రొట్టెల డబ్బా."

జైరాం అద్దంలో నుంచి చూపు తీసేశాడు. బండి కదిలింది.

భద్రాచలంలో హోటల్ భోజనానికి పోతున్నారు. ఎదురుగా కూర్చునేది కంపెనీ మేనేజర్ వెంకటేశ్వరరావు. ఇంకా వచ్చేది భీమయ్య భార్య భీమక్క. భోజనం అని పేరే కాని అది రాజీ. కోయగూడెం, తండా ఒకే దారి మీద ఉన్నాయి, ఒకే సంతకు పోతాయి. తాగుబోతు లంబాడీ డ్రైవర్ మా మనిషిని చంపాడని గూడెంలో కుర్రాళ్లు రగులుతున్నారు. ఇది ముదరకముందే తేల్చాలని మోతీలాల్ పట్టుబట్టాడు. కంపెనీ ఇద్దరు ఆడవాళ్లకూ డిపోలో పని ఇస్తానంది.

వాళ్ల తండాలో తగువు తేలిందనడానికి కాగితం, సాక్షి ఉండవు. ఒక పళ్లెం ఉంటుంది. తగువుతో సంబంధం ఉన్నవాళ్లంతా దాని చుట్టూ కూర్చుని, ఒకేసారి కుడిచేతులు అందులో పెట్టి, మొదటి ముద్ద కలిసి తింటారు. తిన్నాక ఆ సంగతి ఇక జన్మలో ఎవరూ ఎత్తకూడదు. కడుపులో అబద్ధం పెట్టుకున్నవాడు మాత్రం ఆ పళ్లెంలో చెయ్యి పెట్టకూడదు. పెడితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. పెట్టినవాడు ఇంతవరకూ లేడు. దొంగలు కూడా పళ్లెం ముందుకు వచ్చేసరికి నిజం ఒప్పుకుని, తప్పుకు జరిమానా కట్టి, అప్పుడు చెయ్యి చాపేవాళ్లు.

అంటే ఇవాళ సోని ఆ పళ్లెంలో చెయ్యి పెడితే అయిపోయినట్టే. రవికుమార్ ఇక ఎప్పటికీ తాగి లారీ పడేసి, తను చచ్చి, భీమయ్యను చంపినవాడుగా మిగిలిపోతాడు. ఆ మాట తప్పని చెప్పే హక్కు ఆమెకు కూడా ఉండదు. రవికుమార్ మందు వాసనకే తల తిప్పుకునేవాడని ఆమెకు తప్ప ఎవరికి పట్టింది?

ముదిగొండ నుంచి ఈ తండాకు కోడలిగా వచ్చిన రోజు ఆమె ఆ పళ్లెంలోనే మొదటి ముద్ద తిన్నది. పక్కన రవికుమార్, ఆ పక్కన జైరాం. తన వేళ్లకు వాళ్ల వేళ్లు తగిలాయి. అంతే ఆ పళ్లెం మహత్తు, పక్కవాడి వేళ్లు తగలడం.

"కాకా, చెప్పింది యాది పెట్టుకో," జైరాం అంటున్నాడు. "ఆడ కూసోంగనే మడత పెట్టిన గుడ్డ ఉంటది. దాన్ని ఒళ్లె పరుసుకోవాలె."

"పంచె ఉన్నది గదరా ఒళ్లె. దాని మీద ఇంకో గుడ్డ ఎందుకు?"

"కూర పడకుంట."

"నేను పసిపోరగాన్నా మీద పోసుకోనీకి?"

"గట్ల చేస్తరు కాకా. సార్ మొదలుపెట్టేదాక మనం ముట్టొద్దు. తినేటప్పుడు చప్పుడు రావొద్దు. తేన్పు వస్తే ఆపుకోవాలె."

"తేన్పు ఆపుకుంటే పెట్టినోడికి ఎట్ల తెలుస్తది కడుపు నిండిందని?"

"బాగుందని నోటితో చెప్పాలె."

"నోరు అబద్ధం చెప్తది. తేన్పు చెప్పదు," అన్నాడు మోతీలాల్. "ఇంకేంది?"

"ఏది వడ్డించినా వద్దనొద్దు. పెద్దోళ్లు పోస్తే, పెడితే కాదనుడు మర్యాద గాదు."

"వాళ్లు పురుగుల మందు పోసినా తాగాల్నా?"

జైరాం నవ్వలేదు. "చెంచా కుడిచేత్తో పట్టుకోవాలె. ఫోర్కు ఎడమచేత్తో."

"నీ చెంచా నీ కాడనే పెట్టుకో. మీ అన్న దినాల నాడు గూడ చెంచాతోనే తింటివి గదరా. గంజి లెక్క జుర్రుకుంటివి, ఓ మూలకు నిలబడి. ఆడోళ్లంత నవ్విండ్రు, జైరాం దొర అయిండని."

"అలవాటైంది కాకా. ఆఫీసుల గట్లనే తినాలె."

"ఆఫీసుల తిను. ఎవరొద్దన్నరు? ఇయ్యాల పళ్లెం కాడ మాత్రం చెయ్యి కడుక్కో."

జైరాం గేరు మార్చాడు.

*

హోటల్లో వేరే గది. ఏసీ చల్లగా ఉంది. తెల్ల గుడ్డ పరిచిన టేబుల్, మనిషికో పళ్లెం, పళ్లెం పక్కన చెంచాలు, గ్లాసులో గుడ్డను పువ్వులా మడిచి పెట్టారు. భీమక్క అప్పటికే వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. చెప్పులు తలుపు బయట విడిచింది. సోని వైపు ఒకసారి చూసి, మళ్లీ టేబుల్ గుడ్డ వైపు చూసింది.

వెంకటేశ్వరరావు లేచి నిలబడి అందరికీ దణ్ణం పెట్టాడు. గుండ్రటి పొట్టి మనిషి. సోని అతని కాళ్ల వైపు చూసింది. ఇతను కూడా ఆ సీట్లో సరిపోతాడు అనుకుంది. ఆ ఆలోచన వచ్చి, గోడకు తగిలిన బంతిలా మళ్లీ వెళ్లిపోయింది.

"కూర్చోండమ్మా. నాయక్ గారూ, ఇలా వచ్చి కూర్చోండి. దారిలో ఇబ్బందేం కాలేదు కదా?" అన్నాడు. మనిషి నెమ్మదస్తుడు. మాటలో కపటం కనిపించలేదు.

జైరాం అందరికీ కుర్చీలు లాగాడు. మోతీలాల్ ఒళ్లో గుడ్డ పరిచాడు. భీమక్క గ్లాసులోని గుడ్డను తీసి, విప్పి, మళ్లీ అలాగే మడత పెట్టబోయింది. పువ్వు రాలేదు. నిలువుగా మడిచి పక్కన పెట్టింది.

ముందు సూపు వచ్చింది. జైరాం చెంచాను అవతలికి తోస్తూ నింపి, అంచుకు తుడిచి, చప్పుడు లేకుండా తాగాడు. నిజంగానే చూడముచ్చటగా తిన్నాడు. వీపు నిటారుగా ఉంది. మోచేతులు టేబుల్‌కు తగల్లేదు.

"మా జైరాంను చూస్తే నాకు గర్వంగా ఉంటుంది నాయక్ గారూ," అన్నాడు వెంకటేశ్వరరావు. బరువైన మాటలకు ముందు ఏదో ఒక తేలిక మాట అనాలి కదా అన్నట్టు. "బయటి నుంచి కొనుగోలుదారులు వచ్చినప్పుడు గెస్ట్‌హౌస్‌లో మధ్యాహ్నం విందు పెట్టాం. వాళ్ల మధ్య ఎంత పద్ధతిగా కూర్చున్నాడని! వాళ్లు గ్లాసు చేతికిస్తే మొహమాటపడ్డాడు కానీ కాదనలేదు. వాళ్లు చాలా మెచ్చుకున్నారు. ప్చ్. తీరా చూస్తే అదే సాయంత్రం ఈ ఘోరం."

జైరాం చెంచా సూపులో ఆగింది.

"ఏ సాయంత్రం సార్?" అడిగింది సోని.

"అదేనమ్మా. మీ ఆయన ప్రమాదం జరిగిన రోజు."

ఆ రోజు మధ్యాహ్నం ప్లాంటేషన్‌లో దుంగలు లెక్కపెట్టిస్తున్నానని జైరాం చెప్పాడు. అటు నుంచి మోటార్ సైకిల్ మీద వస్తుంటే మలుపు దగ్గర లారీ పడి కనిపించిందనీ, స్టీరింగు దగ్గర నుంచి అన్నను తనే బయటకు లాగాననీ చెప్పాడు. పోలీసులకు చెప్పాడు, తండాకు చెప్పాడు, తనకు చెప్పాడు. రవికుమార్ డ్రైవర్ సీట్లో ఉన్నాడని చెప్పింది లోకం మొత్తంలో జైరాం ఒక్కడే. సోని ఈ ముక్కలను ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. కూరగాయలు తరుగుతున్నంత మామూలుగా పెట్టింది. గుండె వేగం కూడా మారలేదు.

"విందు సంగతి నువ్వు చెప్పలే," అంది జైరాంతో.

"చెప్పేటంత ఏముంది వదినె," అన్నాడు జైరాం. గ్లాసెత్తి నీళ్లు తాగాడు.

"గుండ్రాయి లెక్క కూసున్నరేంది, కానియ్యుండ్రి," అన్నాడు మోతీలాల్. గుడ్డ విప్పి ఇత్తడి పళ్లెం టేబుల్ మధ్య పెట్టాడు. "సార్, మీ పద్ధతిల సగం తిన్నం. ఇప్పుడు జెర మా పద్ధతిల మొదటి ముద్ద తినాలె. అన్నం, కూర ఇండ్లనే పెట్టమని చెప్పుండ్రి."

సర్వర్ ఆశ్చర్యంగా చూసి, మేనేజర్ తల ఊపగానే అన్నం, కోడికూర పళ్లెంలో వడ్డించాడు. మోతీలాల్ తన చేత్తో కలిపాడు. ఆవిరి పైకి లేచింది. సంగతి ఏమిటో రెండు మాటల్లో మేనేజర్‌కు చెప్పాడు: చెయ్యి పెడితే తగువు తీరినట్టు, మనసులో దాపరికం ఉంటే పెట్టకూడదు.

వెంకటేశ్వరరావు లేచి మూలనున్న వాష్‌బేసిన్ దగ్గర చేతులు కడుక్కున్నాడు. తిరిగొచ్చి చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు. "నాకూ ఒక మాట ఉంది నాయక్ గారూ. ఆ లారీ బ్రేకులు బాగానే ఉన్నాయని నాకు రిపోర్టు ఉంది, నేను కళ్లతో చూడలేదు. నా దగ్గరున్నది అంతే," అని చెయ్యి పళ్లెంలో పెట్టాడు. పెట్టి, అలాగే ఉంచాడు.

భీమక్క ముద్దంత అన్నం తీసి టేబుల్ గుడ్డ మీద ఒక పక్క పెట్టింది. పెదవులు కదిలాయి. అది భీమయ్యకు. గుడ్డ మీద పసుపు మరక పాకింది. సర్వర్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆమె చెయ్యి పళ్లెంలో పెట్టింది.

"నాకు ఈ పిల్ల మీద కోపం లేదు," అంది భీమక్క. ఆ గదిలో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "తాగినోడి మీదనే ఉంది. ఆడు బతికిలేడు. ఎవరి మీద చూపాలె?"

మోతీలాల్ చెయ్యి పెట్టాడు. ఇక ఇద్దరు మిగిలారు.

జైరాం పళ్లెం వైపు వంగాడు. కుడిచేతిలో చెంచా ఉంది.

"చెంచా పక్కన పెట్టు," అన్నాడు మోతీలాల్.

"నా చేతులు శుభ్రం లేవు కాకా. జీపు తోలిన."

"సార్ కడుక్కొచ్చిండు గదా. నీళ్లు ఆడనే ఉన్నయి."

"అందరి ఎంగిలి... సార్ ముందల బాగుండదు."

"నాకేం ఇబ్బంది లేదు జైరాం," అన్నాడు వెంకటేశ్వరరావు. "పెట్టు."

"చెంచాతోని తీసుకున్నా తిన్నట్టే గదా కాకా."

"తిన్నట్టు అయితది. కలిసినట్టు కాదు." మోతీలాల్ గొంతు పెంచలేదు. "చిన్నప్పటి సంది ఈ పళ్లెంల ఎన్ని సార్లు తిన్నవురా నువ్వు? మీ వదినె వచ్చిన దినం నువ్వు ముక్కలన్ని నీ దిక్కు గుంజుకుంటే మీ అన్న నీ చెయ్యి మీద కొట్టిండు. యాదికి లేదా?"

జైరాం చెంచాను పళ్లెం అంచు దాకా తీసుకుపోయాడు. చెంచా ఇత్తడికి తగిలి సన్నగా మోగింది. అతను దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

సోని అతని చేతివేళ్లను చూసింది. దినాల నాడు చెంచా. అంతకుముందు, శవం ఇంటికి తెచ్చిన నాడు అన్నం ముద్ద పెడుతుంటే ఆకలి లేదని లేచిపోయాడు. తన ఇంటికి వచ్చి ఎన్నిసార్లు కూర్చున్నా, పెట్టిన రొట్టెను చేత్తో ముట్టలేదు. కాగితంలో చుట్టించుకుని తీసుకుపోయాడు. దాన్ని ఆఫీసు అలవాటు అనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు. ఎవరికీ అనుమానం రాకుండా తప్పించుకోవడానికి మర్యాదను మించింది లేదు.

జీపులో తన కాళ్ల ముందు ఉన్న జాగా, అంత ముందుకు జరిపిన జైరాం సీటు ఇప్పుడు గుర్తొచ్చాయి.

ఆమె చేతిసంచి తెరిచి టిఫిన్ డబ్బా తీసింది. బూజు పట్టిన రొట్టెతో సహా, తెల్ల గుడ్డ మీద, ఇత్తడి పళ్లెం పక్కన పెట్టింది.

"ఇది పక్క సీటు కింద దొరికింది," అంది. తన గొంతు తనకే ఎవరిదో లాగా వినబడింది. "డ్రైవర్ సీటు ముందుకు గుంజి ఉంది. నేను కూసున్న, నాకు సరిపోయింది. మీ అన్నకు సరిపోదు. లారీ తోలుకుంట ఆయన రొట్టె తినడు. నేను ఈ పళ్లెంల చెయ్యి పెడితే ఇంక అడగనీకి లేదు జైరాం. అందుకే ఇప్పుడు అడుగుతున్న. సీటు ఎవరు జరిపిండ్రు?"

పళ్లెంలో మూడు చేతులు అలాగే ఉన్నాయి. ఎవరూ తీయలేదు. అన్నం మీద ఆవిరి సన్నబడింది.

జైరాం డబ్బాలోకి చూశాడు. తర్వాత చెంచాను బోర్లించి, గుడ్డతో తుడిచి, నేర్పినట్టుగానే పళ్లానికి కుడిపక్క నిలువుగా పెట్టాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే జరిపిన," అన్నాడు.

భీమక్క తల ఎత్తింది.

"విందు జరుగుతుంటే అన్న గెస్ట్‌హౌస్ గేటు కాడ ఉన్నడు. లోడు నేను చూసి పొమ్మంటేనే బండి కదలాలె. నేను లోపల కూసున్న. కిటికీలకెంచి కనిపిస్తనే ఉన్నడు, ఎండల నిలబడి. వచ్చినోళ్లల్ల ఒకాయన అడిగిండు, ఆ పొడుగాయన ఎవరని. డ్రైవర్ అని చెప్పిన. అన్న అని చెప్పలే. లేచి పోతే మర్యాద గాదని కూసున్న. పోస్తే తాగిన. ఒకటి గాదు. మిగిలిన సీసా నా చేతుల పెట్టిండ్రు, అది గూడ తీసుకున్న.

"బయటికొచ్చేటాళ్లకు పొద్దు వాలింది. అన్న ఏమనలే. తిన్నవారా అని అడిగిండు. ఆయన తినలే. నాకు సిగ్గయింది. నువ్వు పక్కన కూసొని తిను, మెయిన్ రోడ్డు దాక నేను తోల్త అన్న. వద్దన్నడు. వాసనొస్తుందిరా అన్నడు. నేను వినలే. సీటు ఇద్దరం కలిసే గుంజినం. అది రాకపోతే నవ్వుకుంట గుంజిండు. భీమయ్య అప్పటికే దుంగల మీదికి ఎక్కి కూసున్నడు.

"మలుపు కాడ డబ్బా మూత తీసిండు. ఒక తునక తుంచి, కూర అద్ది, నా నోటి కాడికి తెచ్చిండు. ఆడ ఏం తిన్నవో ఏమో, మీ వదినె చేసింది తిను అన్నడు. నేను ఆయన దిక్కు తిరిగి నోరు తెరిచిన. గంతే. మళ్ల ముందుకు చూసేటాళ్లకు దారి లేదు.

"నాకు గీసుకపోలే గూడ. అన్న పోయిండు, నాకు అప్పుడే తెలిసింది. నౌకరీ పోతది, జైలుకు పోత అని గదొక్కటే వచ్చింది మనసుల. అన్నను నేనే డ్రైవర్ తలుపులకెంచి ఇవుతలికి గుంజి కింద పండబెట్టిన. సీసా ఆయన అంగీ మీద పోసిన. మోటార్ సైకిల్ మీద వెనక వచ్చిన అని చెప్పిన. మోటార్ సైకిల్ ఆ దినం డిపోలనే ఉంది. నోట్లె రొట్టె అట్లనే ఉంది, దాన్ని ఉమిసిన. గప్పటి సంది చెయ్యి నోటి కాడికి తెస్తే ఆయన వేళ్లే అనిపిస్తది. చెంచా అయితే అనిపియ్యదు.

"అక్కా, నీ పెనిమిటిని చంపింది మా అన్న గాదు. నేను. కాకా, చెయ్యి తీసుకో, నేను దాంట్ల పెట్ట. సార్, ఎవరికి చెప్పాల్నో వాళ్లను పిలువుండ్రి, ఇదే చెప్త. వదినె, అన్న తాగలే. ఆ దినం నాకోసం గేటు కాడ నిలబడి నీళ్లు గూడ తాగలే."